బ్యాక్ట్రోసెరా: పల్నాటి తోటల్లో పండు ఈగలు

మన రైతులు పండు ఈగలు అని పిలిచే కీటకాల్లో ముఖ్యమైన ప్రజాతి బ్యాక్ట్రోసెరా. రెండు రెక్కల కీటకాల క్రమమైన డిప్టెరాలో, టెఫ్రిటిడే కుటుంబంలో ఇది చేరుతుంది. ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త మకార్ 1835లో దీనికి పేరు పెట్టాడు. నాలుగు వందలకు పైగా జాతులున్న ఈ ప్రజాతి ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల్లో విస్తారంగా ఉంది. అందులో చాలా జాతులు అడవి కాయల మీద బతుకుతూ మనిషి జోలికి రావు. తోటల్లోకి దిగేవి కొన్నే. మామిడి ఎగుమతుల్ని ఆపించి, దేశాల మధ్య తగవులు పెట్టినవి ఆ కొన్నే.

జన్యుశాస్త్ర పాఠాల్లో వినిపించే డ్రోసోఫిలా వేరు. అది మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగ, పులిసిన గుజ్జు మీద బతుకుతుంది, పండుకు అది చేసే నష్టం తక్కువ. బ్యాక్ట్రోసెరా ఇంటి ఈగంత ఉంటుంది. చెట్టు మీద ఉన్న కాయకే గుచ్చి, లోపల గుడ్లు పెడుతుంది. వాటి బతుకు తీరు, పొద్దుగూకే వేళ అవి జతకట్టే పద్ధతి, ఆ పద్ధతి మీదే ఆధారపడి మనిషి కనిపెట్టిన ఎరలు ఈ వ్యాసంలో ముఖ్య విషయాలు.

పల్నాటిలో ఈ ఈగ

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. పల్నాడు అనగానే మిర్చి, పత్తి గుర్తొస్తాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వరి ఉంది. పండ్ల తోటలు ఏలూరు జిల్లా నూజివీడు వైపు ఉన్నంత విస్తారంగా ఇక్కడ లేవు. అందుకే పండు ఈగ మీద ఇక్కడ మాట్లాడేవాళ్లు తక్కువ. మిర్చి రైతుకు తామర పురుగుతోనే తెల్లారిపోతుంది, జామకాయలో పురుగు గురించి ఎవరికి పడుతుంది? కానీ ఈగకు ఎకరాల లెక్కతో పనిలేదు. దానికి కావాల్సింది ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు మీద మెత్తబడుతున్న కాయ.

ఆ వరస పల్నాటిలో తెగకుండా దొరుకుతుంది. వేసవిలో మామిడి. వానలు పడ్డాక మాచర్ల వైపు గుట్టల మీద సీతాఫలం. చలికాలంలో పెరటి జామ. వీటి మధ్య బొప్పాయి, వీధుల్లో నీడకు పెంచిన బాదం చెట్లు. బాదం కాయ చుట్టూ ఉండే పలచని గుజ్జును పిల్లలు కొరికి పారేస్తారు గానీ పండు ఈగకు అది చక్కటి ఆశ్రయం. పట్టణంలో ఒక్క మామిడి తోట లేకపోయినా ఈగలు నిలదొక్కుకోవడానికి ఇలాంటి చెట్లు చాలు. రేగుపండులో కనిపించే పురుగు సంగతి మాత్రం వేరు. అది ఎక్కువగా కార్పోమియా అనే మరో ప్రజాతి ఈగది.

మన ద్వీపకల్పంలో తోటలకు చేటు చేసే బ్యాక్ట్రోసెరా జాతుల్లో మూడు ముఖ్యమైనవి. మొదటిది డోర్సాలిస్. తైవాన్ నుంచి సేకరించిన ఈగల ఆధారంగా హెండెల్ 1912లో దీన్ని వర్ణించాడు. ముదురు రంగు వీపు, రెండు పక్కలా పసుపు చారలు, పొట్ట మీద నల్లటి టీ ఆకారపు గుర్తు, రెక్క ముందు అంచు వెంబడి సన్నని గోధుమ చార దీని గుర్తులు. రెండోది జొనాటా. 1842లోనే సాండర్స్ బెంగాల్ ఈగల్ని చూసి దీనికి పేరు పెట్టాడు. ఎరుపు కలిసిన గోధుమ రంగు, రెక్క చివర చిన్న మచ్చ. మూడోది కరెక్టా, 1916లో బెజ్జీ వర్ణించినది. రెక్క చివర మచ్చ దీనికీ ఉంటుంది కనక జొనాటాతో పొరబడుతుంటారు. ముఖం మీద అడ్డంగా ఉండే నల్ల పట్టీ చూస్తే తేడా తెలుస్తుంది.

దూరం నుంచి చూస్తే ఇవి చిన్న కందిరీగల్లా కనిపిస్తాయి. పసుపు, నలుపు చారలు, సన్నని నడుము, ఆడదానికి పొట్ట చివర పొడుచుకొచ్చిన గుడ్లు పెట్టే అవయవం చూసి కుడుతుందేమోనని జంకేవాళ్లుంటారు. అది కుట్టదు. ఆ అవయవం కాయ తోలును గుచ్చడానికే.

బీర, కాకర, దోస, సొర పందిళ్లలో కాయ వంకర తిరిగి కుళ్లిపోయేలా చేసే ఈగను చాలాకాలం బ్యాక్ట్రోసెరా కుకుర్బిటే అనే పిలిచారు. జన్యు విశ్లేషణల తర్వాత 2015లో శాస్త్రవేత్తలు దాన్ని జ్యూగోడాకస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. పేరు మారితే రైతుకు ఏమిటట అనిపించవచ్చు. ఎర కొనేటప్పుడు మాత్రం ఈ తేడా డబ్బుతో ముడిపడిన విషయమే, ఆ సంగతి చివర్లో వస్తుంది.

గుడ్డు నుంచి ఈగ దాకా

ఆడ ఈగ కాయ తోలు కింద ఒక మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లను గుంపుగా పెడుతుంది. గట్టి తోలున్న కాయ కంటే అప్పటికే గాటు పడిన కాయ దానికి సులువు. ఇంకో ఈగ గుచ్చిన రంధ్రంలోనే ఇది కూడా గుడ్లు పెట్టడం మామూలే. గుచ్చిన చోట మొదట చిన్న చుక్క, తర్వాత దాని చుట్టూ రంగు మారిన మెత్తటి మచ్చ కనిపిస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో గుడ్లు పొదిగి, కాళ్లు లేని తెల్లటి పిల్ల పురుగులు బయటికొస్తాయి. గుడ్లతో పాటే లోపలికి చేరిన బ్యాక్టీరియా గుజ్జును కుళ్లబెడుతుంది, పురుగులు ఆ మెత్తటి గుజ్జు తింటాయి. పైకి నిగనిగలాడే బంగినపల్లి కోసేసరికి లోపల నీళ్లు కారుతూ ఉండటానికి కారణం ఇదే.

పిల్ల పురుగు మూడు దశల్లో పెరుగుతుంది. వారం పది రోజుల్లో ఎదిగి, రాలిన కాయలోంచి బయటపడుతుంది. అప్పుడది శరీరాన్ని విల్లులా వంచి, తల తోకల్ని కలిపి, ఒక్కసారిగా విడిచి గాల్లోకి ఎగురుతుంది. కాళ్లు లేకపోయినా ఈ గెంతులతో కాయకు దూరంగా వెళ్లి, మట్టిలో కొన్ని సెంటీమీటర్ల లోతున దూరి, గోధుమ రంగు గింజలాంటి కోశంగా మారుతుంది. మరో పది రోజులకు కొత్త ఈగ పుడుతుంది. వెచ్చటి నెలల్లో గుడ్డు నుంచి ఈగ అయ్యే దాకా మూడు నాలుగు వారాలు చాలు.

ఇక్కడ పల్నాటిలోని రెంటచింతల ప్రస్తావన తప్పదు. రాష్ట్రంలో వేసవి ఎండ గురించి వార్త వస్తే అందులో ఈ పేరు ఉండి తీరుతుంది. అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. 35 డిగ్రీలు దాటితే పండు ఈగల గుడ్లు, పిల్ల పురుగుల ఎదుగుదల కుంటుపడుతుంది. ఎండిన మట్టి పైపొరలో ఉన్న కోశాలు మాడిపోతాయి. వేసవిలో చెట్ల కింద దున్నమని చెప్పే సలహాకు ఆధారం ఇదే. కానీ నీరు పెట్టిన చెట్టు నీడలో, గుబురు ఆకుల కింద ఈగకు ఆ ఎండ తగలదు. పైగా జొనాటా వేడిని, పొడి వాతావరణాన్ని తట్టుకోవడంలో డోర్సాలిస్ కంటే మొండిది. 1990ల చివర్లో ఈజిప్టు చేరి అక్కడి తోటల్లో పాతుకుపోయింది. పల్నాటి ఎండ చూసి ఈగ ఉండదులే అనుకోవడానికి లేదు.

కొత్తగా పుట్టిన ఈగ వెంటనే జతకట్టలేదు. దానికి వారం పది రోజుల తిండి కావాలి. ముఖ్యంగా ఆడ ఈగకు గుడ్లు ఎదగడానికి మాంసకృత్తులు కావాలి. ఆకుల మీది బ్యాక్టీరియా, ఈస్ట్, పిట్టల రెట్ట, మామిడిలో తేనెమంచు పురుగు స్రవించే తీపి జిగురు దాని ఆహారం. తేనెమంచు పురుగును వదిలేసిన తోట పండు ఈగకు కూడా అన్నం పెట్టినట్టే. కడుపు నిండిన ఆడ ఈగ నెల నుంచి మూడు నెలలు బతికి, వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

పొద్దుగూకే వేళ

జతకట్టే తీరులోనే ఈ ప్రజాతి అసలు వింత ఉంది. డోర్సాలిస్ మగ ఈగలు సూర్యాస్తమయానికి కాస్త ముందు, వెలుతురు తగ్గడం మొదలవగానే చెట్టు గుబురులోకి చేరతాయి. ఆ చెట్టుకు కాయలు ఉండాలన్న నియమం లేదు. ఒక్కో మగది ఒక్కో ఆకు పట్టుకుని, ఎక్కువగా ఆకు అడుగు వైపు నిలబడుతుంది. పక్కవాడు ఆ ఆకు మీద వాలితే తరుముతుంది. ఇలా ఒకే చెట్టు మీద మగవి దగ్గర దగ్గరగా చేరి ఆడదాని కోసం కాచుకోవడాన్ని జంతు ప్రవర్తన శాస్త్రంలో లెక్ అంటారు. నెమళ్లలోనూ ఇలాంటిది ఉంది. లెక్‌లో తిండి ఉండదు, గూడు ఉండదు, గుడ్లు పెట్టే చోటు అసలే కాదు. ఆడది వచ్చేది మగదాన్ని ఎంచుకోవడానికే. హవాయి దీవుల్లో డోర్సాలిస్ మగవి ఇలా చేరడాన్ని షెల్లీ, కనెషిరో 1991లో వివరంగా నమోదు చేశారు.

ఆకు మీద నిలబడ్డ మగ ఈగ రెక్కల్ని వేగంగా ఆడిస్తుంది. దాని పొట్ట మూడో ఖండం మీద రెండు పక్కలా దువ్వెన పళ్లలాంటి వెంట్రుకల వరస ఉంటుంది. రెక్కలు దానికి రాసుకుని సన్నని రొద పుడుతుంది. అదే సమయంలో పెద్దపేగు చివర ఉన్న గ్రంథి నుంచి వాసన పదార్థం బయటికొస్తుంది, రెక్కల గాలి దాన్ని వెనక్కి చెదరగొడుతుంది. పందిరి కూరల ఈగ విషయంలో ఈ పదార్థం పలచని పొగలా కంటికి కనిపించేంత ఉంటుందని జపాన్ పరిశోధకులు రాశారు. ఆడ ఈగ గాలివాటున ఆ వాసన పట్టి వస్తుంది, దగ్గరికొచ్చాక రొద వింటుంది. చీకటి పడే లోపు ఉన్న కాస్త వ్యవధిలోనే ఇదంతా ముగియాలి. మగది మీదికెక్కే ప్రయత్నాల్లో చాలావరకు ఆడది విదిలించుకుని ఎగిరిపోతుంది. ఒప్పుకుంటే మాత్రం ఆ జంట రాత్రంతా విడిపోదు, చాలా జంటలు తెల్లవారే దాకా అలాగే ఉంటాయి.

జతకట్టిన ఆడ ఈగ ఆ శుక్రకణాల్ని శరీరంలోని ప్రత్యేకమైన సంచుల్లో దాచుకుని, రోజుల తరబడి కొద్దికొద్దిగా వాడుకుంటుంది. దాని ప్రవర్తన కూడా మారుతుంది. నిన్నటి దాకా మగదాని వాసన వెతికిన ఆడది ఇప్పుడు పండు వాసన వెతుకుతుంది. శుక్రంతో పాటు చేరిన ద్రవాల పాత్ర ఇందులో ఉందని పండు ఈగల కుటుంబంలోని ఇతర జాతుల మీద చేసిన పరిశోధనలు చూపాయి. ఆడది మళ్లీ జతకట్టదని కాదు, కొన్నాళ్ల తర్వాత కడుతుంది. మగది మాత్రం సాయంత్రం తర్వాత సాయంత్రం సిద్ధమే.

సమయం ఎంత ముఖ్యమో ఆస్ట్రేలియాలో ఇదే ప్రజాతికి చెందిన రెండు జాతులు చూపిస్తాయి. ట్రయోనై, నియోహ్యుమెరాలిస్ అనే ఆ రెండూ చూడటానికి దాదాపు ఒకటే, ఒకే తోటలో, ఒకే పండు మీద బతుకుతాయి. మొదటిది మునిమాపు వేళ జతకడుతుంది, రెండోది పట్టపగలు. ప్రయోగశాలలో కలిపితే వాటికి పిల్లలు పుడతాయి. బయట మాత్రం గడియారంలో తేడా వల్లే అవి ఎక్కువగా విడివిడిగా ఉండిపోతున్నాయి.

ప్రజాతి అంతా ఒకే దారిలో నడవదు. మధ్యధరా ప్రాంతంలో ఆలివ్ కాయల్ని పాడుచేసే బ్యాక్ట్రోసెరా ఓలియేలో పిలుపు తిరగబడింది. అక్కడ ఆడ ఈగే వాసన వెదజల్లి మగవాటిని రప్పిస్తుంది.

వాసన కోసం వెంపర్లాట

1912లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న ఫ్రాంక్ మిల్‌బర్న్ హౌలెట్ ఒక చిత్రమైన విషయాన్ని ప్రకటించాడు. దోమలు రాకుండా జనం రాసుకునే సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు గుంపులుగా వస్తున్నాయి, వచ్చినవన్నీ మగవే. 1915 నాటికి ఆయన ఆ లాగుతున్న పదార్థం మిథైల్ యూజినాల్ అని తేల్చాడు. ఇవాళ ప్రపంచమంతటా మామిడి తోటల్లో వేలాడే ఎర బుట్టలకు మూలం మన దేశంలో జరిగిన ఆ పరిశీలనే. హౌలెట్ 1920లో నడివయసులోనే చనిపోయాడు, ఆ బుట్టల విస్తృతిని చూడలేదు. ఆయన పేరు మన వ్యవసాయ పాఠాల్లో వినిపించాల్సినంత వినిపించదు.

మిథైల్ యూజినాల్ మొక్కల్లో సహజంగా ఉండే సుగంధ ద్రవ్యం. దాదాపు 80 కుటుంబాలకు చెందిన 450కి పైగా మొక్కల్లో దీన్ని గుర్తించారు. మన పెరటి తులసిలో ఉంది. తులసాకు నలిపి నీళ్లలో వేసి ఎరగా పెడితే మగ ఈగలు రావడం అందువల్లే. నల్లమల అంచుల్లో వేసవిలో పసుపు గుత్తులు వేలాడదీసే రేల చెట్టు పూలలోనూ ఉంది. రేల పూల నుంచి దీన్ని వేరు చేసి, మగ ఈగల్ని లాగేది ఇదేనని 1968లోనే నిరూపించారు. ఆగ్నేయాసియాలో బల్బోఫిల్లమ్ ప్రజాతి ఆర్కిడ్లు కొన్ని ఈ వాసననే జీతంగా ఇచ్చి పుప్పొడి మోయించుకుంటాయి. ఆ పూలకు తేనె ఉండదు, వాలేది మగ పండు ఈగలే.

మగ ఈగకు ఈ వాసన ఎందుకు? చాలాకాలం ఇది తేలని ప్రశ్నగా ఉండిపోయింది. మిథైల్ యూజినాల్‌లో పోషకం లేదు. మలేసియా శాస్త్రవేత్త టాన్, జపాన్ శాస్త్రవేత్త నిషిదా దశాబ్దాలపాటు చేసిన పనితో జవాబు దొరికింది. మగ ఈగ దాన్ని నాకి, శరీరంలో రెండు మూడు కొత్త పదార్థాలుగా మార్చి, పెద్దపేగు చివరి గ్రంథిలో దాచుకుంటుంది. వాటిలో కోనిఫెరిల్ ఆల్కహాల్ ఒకటి. సాయంత్రం ఆకు మీద రెక్కలాడిస్తూ వదిలేది వీటినే. పొద్దున పూట వాసన సేకరణ, పొద్దుగూకాక దాని ఖర్చు. ఎర బుట్టల్లో ఎక్కువ ఈగలు ఉదయం వేళ పడటానికి కారణం ఇదే, జతకట్టేది మాత్రం సాయంత్రం. 1994లో హవాయిలో షెల్లీ, డివైర్ చేసిన ప్రయోగాల్లో ఒక్కసారి మిథైల్ యూజినాల్ తిన్న మగవి, తిననివాటి కంటే ఎక్కువ ఆడవాటితో జతకట్టాయి. ఆ ఆధిక్యం నెల దాకా నిలిచింది.

ఇంకో లాభం కూడా ఉంది. మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగల్ని గోడ బల్లులు ఒకసారి రుచి చూశాక మళ్లీ ముట్టుకోలేదని టాన్, నిషిదా చూపారు. ఆడదానికి నచ్చే సరుకే బల్లికి చేదుగా మారిందన్నమాట.

అన్ని జాతులకూ ఇదే వాసన కాదు. డోర్సాలిస్, జొనాటా, కరెక్టా మూడూ మిథైల్ యూజినాల్‌కే వస్తాయి. పందిరి కూరల ఈగకు అది పట్టదు. రాస్ప్‌బెర్రీ కీటోన్ అనే పదార్థం, దాని పోలికతో ప్రయోగశాలలో తయారుచేసిన క్యూల్యూర్ దానికి కావాలి. మిరప, వంగ కుటుంబపు కాయల మీద బతికే లాటిఫ్రాన్స్ అనే జాతి ఆసియాలో కొన్నిచోట్ల పచ్చిమిరపకు నష్టం చేస్తోంది. దానికి ఈ రెండూ పనికిరావు, వచ్చే ఎర ఇంకోటి, అదీ బలహీనమైనది.

జాతి ఏది, పేరు ఏది

2003లో కెన్యా తీరంలో ఒక కొత్త పండు ఈగ పడింది. రెండేళ్లకు దానికి ఇన్వేడెన్స్ అని పేరు పెట్టి కొత్త జాతిగా ప్రకటించారు. అది శ్రీలంకలోనూ ఉందని తేలింది. చూస్తుండగానే ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది, మామిడి ఎగుమతులు ఆగిపోయాయి. ఆగ్నేయాసియాలో అప్పటికే పపాయే అనే మరో జాతి, ఫిలిప్పీన్స్‌లో ఆ దేశం పేరుతోనే ఇంకోటి ఉన్నాయి. ఇవన్నీ డోర్సాలిస్‌కు దగ్గరివే. కొత్త జాతి అని ముద్ర పడితే దాని పేర కొత్త ఆంక్షలు వస్తాయి కనక, ఇది పుస్తకాల్లో తేలే వివాదం కాదు.

చివరికి దీన్ని ఈగలే తేల్చాయి. వేర్వేరు దేశాల ఈగల్ని ఒకే పంజరంలో వదిలి, సాయంత్రం ఎవరితో ఎవరు జతకడతారో లెక్కించారు. వాటికి పుట్టిన పిల్లలు మళ్లీ పిల్లల్ని కంటాయా అని చూశారు. జన్యువులు, ఆకారం, వాసన గ్రంథిలోని పదార్థాలు కూడా పోల్చారు. ఈ ఈగలు పరస్పరం యథేచ్ఛగా జతకట్టాయి, సంతానానికీ లోటు లేదు. 2015లో షూట్స్, మరి కొందరు కలిసి ఈ పేర్లన్నిటినీ డోర్సాలిస్ కింద కలిపేశారు. కారంబోలే అనే జాతి మాత్రం జతకట్టడంలో తేడా చూపింది కనక విడిగానే మిగిలింది.

అదుపు: ప్రవర్తన తెలిసినవాడిదే పైచేయి

పండు ఈగ మీద మామూలు పిచికారీ సరిగా పనిచేయకపోవడానికి కారణం దాని జీవిత చక్రమే. గుడ్డూ పిల్ల పురుగూ కాయ లోపల ఉంటాయి, కోశం మట్టిలో ఉంటుంది. మందు తగిలేది తిరుగుతున్న పెద్ద ఈగకే. అది కూడా పక్క తోట నుంచి కొన్ని కిలోమీటర్లు ఎగిరి వచ్చే రకం. కాయ పక్వానికి వచ్చే రోజుల్లో చెట్టంతా మందు కొట్టడం తినేవాడికి చేటు, ఈగకు పెద్దగా పట్టింపు ఉండదు.

మిథైల్ యూజినాల్ ఎర తయారుచేసే పద్ధతి చిన్నదే. చెక్క ముక్కను ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్‌ను 6:4:1 పాళ్లలో కలిపిన ద్రవంలో రెండు రోజులు నానబెట్టి, బుట్టలో వేలాడదీస్తారు. ఎకరానికి నాలుగైదు బుట్టలు, కాయ ఎదిగే దశ నుంచే కట్టాలి. బుట్ట నిండా చచ్చిన ఈగల్ని చూసి రైతు సంబరపడతాడు, సహజమే. కానీ పడినవన్నీ మగవే. ఒక మగది సాయంత్రానికో ఆడదానితో జతకట్టగలదు కనక, తోటలో సగం మగవాటిని చంపినా మిగిలిన సగం ఆడవాటన్నిటికీ సరిపోతుంది. పైగా అప్పటికే ఎక్కడో రేల పూల మీద కడుపు నింపుకున్న మగది ఎర వైపు అంతగా రాదు. ఈ పద్ధతి ఫలించాలంటే దాదాపు అన్ని మగవాటినీ, పెద్ద విస్తీర్ణంలో ఏరివేయాలి. 1960ల్లో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఇదే చేసి డోర్సాలిస్‌ను పూర్తిగా నిర్మూలించారు. దీవి కనక సాధ్యమైంది. గురజాల నుంచి దాచేపల్లి దాకా గట్లు తప్ప అడ్డం లేని నేల మీద ఒక్క రైతు తన మూడెకరాల్లో బుట్టలు కడితే, ఈగలు ఎంతున్నాయో తెలుస్తుంది గానీ తగ్గవు. బుట్ట లెక్కను హెచ్చరికగా వాడుకుని, మిగతా పనులు మొదలుపెట్టడం తెలివైన పద్ధతి.

ఆ మిగతా పనుల్లో మొదటిది రాలిన కాయల్ని ఏరి లోతుగా పాతిపెట్టడం. విసుగు పుట్టించే పని, అందుకే ఎవరూ చేయరు. నిజానికి దీని అంత ఫలితం మరే ఒక్క పనికీ రాదు, రాలిన కాయలో ఉన్నది వచ్చే నెల ఈగలు కదా. రెండోది ఆడ ఈగ ఆకలి మీద దెబ్బకొట్టే విషపు ఎర. బెల్లమో, ఈస్ట్ లాంటి మాంసకృత్తుల పదార్థమో కలిపిన మందును చెట్టంతా కాకుండా కాండం మీద, కొన్ని కొమ్మల ఆకుల మీద మాత్రమే చిలకరిస్తారు. గుడ్ల కోసం మాంసకృత్తులు వెతికే ఆడది అక్కడికే వస్తుంది. పెరటి జామకు, సీతాఫలానికి ఎదుగుతున్న కాయకు కాగితం సంచి తొడగడం ఇంకా సులువు.

ప్రకృతిలో దీనికి శత్రువులున్నాయి. ఫోపియస్ అరిసానస్ అనే సన్నని కందిరీగ పండు ఈగ గుడ్లలోనే తన గుడ్లు పెడుతుంది. హవాయిలో దాన్ని విడుదల చేశాక డోర్సాలిస్ బాగా తగ్గింది. ఆకులు కుట్టి గూడు కట్టే చెట్టు చీమలున్న మామిడి చెట్ల మీద పండు ఈగ నష్టం తక్కువగా ఉందని ఆఫ్రికాలోని బెనిన్‌లో గమనించారు.

జతకట్టడాన్నే ఆయుధం చేసుకున్న పద్ధతి వంధ్య కీటకాల విడుదల. ప్రయోగశాలలో పెంచిన మగ ఈగలకు వికిరణం ఇచ్చి, సంతానం లేకుండా చేసి కోట్ల సంఖ్యలో వదులుతారు. వాటితో కలిసిన ఆడది పెట్టే గుడ్లు పొదగవు. జపాన్ ఒకినావా దీవుల్లో 5 వేల కోట్లకు పైగా వంధ్య ఈగల్ని వదిలి, 1993 నాటికి పందిరి కూరల ఈగను లేకుండా చేసింది. ఇక్కడ కూడా కీలకం సాయంత్రపు పోటీయే. ఫ్యాక్టరీలో పుట్టిన మగది ఆకు మీద అడవి మగదానితో సమానంగా నిలబడలేకపోతే ఖర్చంతా వృథా. అందుకే డోర్సాలిస్ వంధ్య మగవాటికి వదిలే ముందు మిథైల్ యూజినాల్ తినిపించాలన్న ఆలోచన వచ్చింది. తిన్న మగది ఆడదానికి ఎక్కువ నచ్చుతుంది, ఎర బుట్టలకు తక్కువ చిక్కుతుంది.

ఎగుమతి మామిడి విషయంలో ఈగ ఉందో లేదో వాదించే పనే లేదు, పండును వేడితో శుద్ధి చేయాల్సిందే. 48 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ముంచడం ఒక పద్ధతి, ఆవిరి వేడి ఇంకోటి. పండు ఈగ కారణంగా 1986లో భారత మామిడిని ఆపిన జపాన్ 2006లో మళ్లీ తలుపు తెరిచింది. 2014 మేలో యూరోపియన్ యూనియన్ కూడా ఆపింది, 2015 జనవరిలో ఎత్తేసింది. నూజివీడు, తిరుపతి ప్రాంతాల్లో మామిడి శుద్ధి కేంద్రాలు ఏర్పడటం వెనక ఉన్నది ఇలాంటి షరతులే.

పల్నాటి రైతు ఇప్పటికిప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినది ఒకటుంది. మామిడికీ జామకూ మిథైల్ యూజినాల్ బుట్ట, బీర, కాకర, దోస పందిళ్లకు క్యూల్యూర్ బుట్ట. కాకర పందిరిలో మిథైల్ యూజినాల్ కట్టి, ఈగ పడలేదు కనక పురుగు లేదనుకుంటే ఆ పంట పోయినట్టే. దుకాణంలో ఎర కొనేటప్పుడు పంట పేరు చెప్పి, డబ్బా మీద ఏ మందు ఉందో చదివించుకోండి.